మూడు కాళ్ళ నికెల్

ఆంకా మాటికిచ్ చేతిలో నికెల్ బిళ్ళ పెడితే అది ఏ ఏడాదిదో చూడకుండానే చెప్పేస్తుందని అనకొండా ఊళ్ళో చెప్పుకునేవారు. అది నిజం కాదు. చూసే చెప్పేది. కాకపోతే మనం చూసేంతసేపు ఆమెకు అక్కర్లేదు. ఊరి పేరు విని పాములుంటాయనుకోకండి. ఉన్నదల్లా కొండ మీద రాగి కరిగించే కొలిమి, దాని పొగగొట్టం, ఆ పొగ కింద బతికే మేమూ.

పదమూడేళ్ళుగా ఆమె పని బళ్ళో పాల కిటికీ దగ్గర. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు వరసలో వచ్చి తలా ఒక నికెల్, అంటే ఐదు సెంట్ల బిళ్ళ, చెక్క మీద పెట్టేవారు. ఆమె పాల డబ్బా ముందుకు తోసి, బిళ్ళని వేలితో తన వైపు లాక్కునేది. ఆ లాగడంలోనే చూడటం అయిపోయేది. రోజుకు మూడొందల నలభై బిళ్ళలు. ఏదైనా పనికొచ్చేది తగిలితే దాన్ని గౌను జేబులో వేసుకుని, అదే జేబులోంచి తన సొంత నికెల్ తీసి బడి డబ్బాలో వేసేది. హెడ్మాస్టర్‌కి ముందే చెప్పింది కూడా. ఆయన, "లెక్క సరిపోతే చాలమ్మా, ఏ నికెల్ అయితే నాకేం," అన్నాడట. చదువుకున్నవాడే పాపం, నికెల్ నికెల్‌కీ తేడా ఉంటుందని తెలీదు.

యుద్ధం రోజుల్లో నికెల్ లోహాన్ని ఫిరంగులకు దాచి, బదులుగా వెండి కలిపి కొట్టిన బిళ్ళలు కొన్ని ఉన్నాయి. అవి జిడ్డు పట్టినట్టు నల్లబడతాయి, వెనకవైపు భవనం బొమ్మలో గుమ్మటం పైన ఇంత పెద్ద అక్షరం ఉంటుంది. వాటికి ఆంకా కన్ను కూడా అక్కర్లేదు, వేలే పట్టేసేది. అంతకంటే పాతవి అడవిదున్న బొమ్మవి. ఒకవైపు రెడ్ ఇండియన్ యోధుడి తల, రెండోవైపు దున్న. వాటిలో ఏడాది అంకె ఉబ్బెత్తుగా ఉంటుంది కనక ముందు అదే అరుగుతుంది. అంకె పోయిన దున్న ఒట్టి ఐదు సెంట్లే. యాసిడ్ చుక్క వేసి పోయిన అంకెను పైకి లాగే మొనగాళ్ళున్నారు గానీ, వాళ్ళ మాటెత్తితే ఆంకా మొహం చిట్లించుకునేది. దున్న కొమ్ము మొన దాకా కనిపిస్తే ఒక ధర, సగమే కనిపిస్తే ఇంకో ధర. దున్న కింద డెన్వర్ టంకశాల వాళ్ళ 'డి' ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి.

ఇదంతా ఆమెకు నేర్పింది ఎమ్మెట్ డ్రిస్కాల్. ముప్పై ఏళ్ళు రాగిరాయి బండ్లు లాగే రైలింజను నడిపి రిటైరైనవాడు, ఊళ్ళో నాణేల సంఘానికి అధ్యక్షుడు. మొదటిసారి ఆమె ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు దొరికిన దున్న నికెల్‌ని వంటసోడా వేసి తళతళలాడేలా తోమి మరీ పట్టుకెళ్ళింది. ఆయన దాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "నలభై ఏళ్ళ వయసుని నాలుగు నిమిషాల్లో కడిగేశావమ్మాయ్," అన్నాడు. అని, తన రెండో భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆనాటినుంచి ఆంకా ఒక్క నాణేన్ని కూడా గుడ్డతో తుడిచిన పాపాన పోలేదు.

సంఘం నెలకు రెండు గురువారాలు సాయంత్రం అగ్నిమాపక కేంద్రం మేడ మీద కూర్చునేది. ఇరవై రెండు మంది. అందులో ఆడది ఆంకా ఒక్కతే. కాఫీ పెట్టే పని ఎవరూ చెప్పకుండానే ఆమెకు అంటుకుంది. అయితే అవతలి వాళ్ళు అద్దం పెట్టుకుని అరగంట నసిగే నాణేన్ని ఆమె కప్పులు సర్దుతూ భుజం మీదుగా చూసి చెప్పేసేది. చెప్పి మళ్ళీ కప్పులు సర్దుకునేది.

1961 శీతాకాలంలో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఏటా జనవరిలో సంఘం పెట్టే ప్రదర్శనలో ధర చెప్పే బల్ల ఒకటి ఉంటుంది. ఊళ్ళో జనం తాతల నాటి డబ్బాలు, మేజోళ్ళలో కట్టిన చిల్లర పట్టుకొచ్చి ఆ బల్ల ముందు పోస్తారు. వెనక ముగ్గురు కూర్చుని ఏది ఎంతో చెబుతారు. ఎమ్మెట్, మంగలి నెల్స్ లిండ్, ఇంకో పెద్దాయన. ఆ పెద్దాయన కూతురి దగ్గరికని స్పోకేన్ పట్నం వెళ్ళిపోయాడు. ఆంకాకి ఆ కుర్చీ కావాలి. ఎంత కావాలంటే మొగుడు స్టీపన్‌తో కూడా నోరు విప్పి అనలేనంత. ఆమె బతుకంతా కిటికీ వెనకే గడిచింది, జనం ఆమె చేతుల్నే చూశారు, మొహం చూడలేదు. ఒక్కరోజైనా నలుగురూ ఎదురుగా నిలబడి, "ఇదేమిటి?" అని తనని అడగాలి. అదీ ఆమె కోరిక.

కుర్చీ ఊరికే రాదు. సంఘంలో దానికో పద్ధతుంది. కూర్చోవాలనుకున్నవాళ్ళు తామే వెతికి పట్టిన నాణేన్ని అందరి ముందూ చదవాలి. ఏడాది, టంకశాల, స్థితి, ధర, ఆ ధర ఎందుకో. అధ్యక్షుడు తన ఇంట్లో ఉంచే, సంఘం సరిచూసుకునే నాణేల పెట్టెలోంచి అలాంటి నాణెమే తీసి పక్కన పెట్టి పోల్చి, అవునో కాదో తేలుస్తాడు. ఆయన మాటే మాట.

ఆంకా దగ్గర చదవడానికి తగినదే ఉంది. నవంబరులో పాల వరసలో వచ్చింది. 1937, డెన్వర్. దున్నకు మూడే కాళ్ళు. ముందు కుడికాలు లేదు, గిట్ట మాత్రం నేల మీద మిగిలింది. టంకశాలలో ఎవరో అచ్చుని మరీ అరగదీసేస్తే కాలు ఎగిరిపోయిందని సంఘంలో అందరికీ తెలిసిందే. ఆ స్థితిలో ఉన్న అలాంటి నాణెం ధర ఆమె రెండు వారాల జీతం. ఆ మధ్యాహ్నం ఆ బిళ్ళ వేలికింద ఆగిన క్షణాన ఆమె పాల డబ్బా ఇవ్వడం మర్చిపోయింది. పదమూడేళ్ళలో అదొక్కసారే.

డిసెంబరు మొదటి గురువారం లేచి నిలబడి చదివింది. ఎమ్మెట్ పెట్టె తెరిచి తన మూడుకాళ్ళ నికెల్ తీశాడు. పన్నెండేళ్ళ కిందట మంచి వేటతుపాకీ ఇచ్చేసి మార్చుకున్న నాణెం అది. సంఘానికి గర్వకారణం. ఆ రెండూ పక్కపక్కన పెట్టి అద్దం కింద చాలాసేపు చూశాడు. తల ఎత్తినప్పుడు మొహంలో బాధ ఉంది.

"మోసపోయావమ్మాయ్. దీని కాలు ఆకురాయితో గీకేశారు."

"లేదండీ, అచ్చులోనే పోయింది."

"నాదాని పొట్ట కింద చూడు, అద్దంలా ఉంది. నీదాని పొట్ట కింద చూడు. పొట్టలోంచి నేల దాకా చుక్కలు చుక్కలుగా ముక్కలున్నాయి. గీకినవాడికి నీటుగా గీకడం చేతకాలేదు. వెనక కాలు చూస్తే చెదలు తిన్నట్టుంది. చెయ్యి జారింది."

నెల్స్ వంగి చూశాడు. "చుక్కలేంటి, ముక్కలేంటి ఎమ్మెట్. దున్న తన పని తాను కానిచ్చుకుంటోంది, ఆడాళ్ళ ముందు కొంచెం సిగ్గుండాలి దానికి." అందరూ నవ్వారు. నెల్స్ ఊరుకునే రకం కాదు. "ఆంకా, రోజూ కాస్త పాలు పట్టించు, నాలుగో కాలు మొలుస్తుంది. ఇంతకీ బళ్ళో ఆకురాయి ఏమైనా ఉందా?"

ఆ చివరి మాటకి ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఎమ్మెట్, "నోరు ముయ్యి నెల్స్," అన్నాడు గానీ, అప్పటికే అనాల్సింది అనేశాడు. ఆ సాయంత్రం ఆమె కాఫీ కప్పులు కడగకుండా ఇంటికి వెళ్ళిపోయింది. అవి రెండు వారాలు అలాగే ఉన్నాయని తర్వాత తెలిసింది.

క్రిస్మస్ ముందు వారం మిరియాల బిస్కట్లకు పిండి కలిపింది. తేనె, వాల్‌నట్ పొడి, మిరియాలు. వాళ్ళమ్మ వలస వస్తూ సొంతదేశం నుంచి తెచ్చిన చెక్క అచ్చొకటి ఉంది. అందులో కోడిపుంజు లోతుగా చెక్కి ఉంటుంది, పిండి నొక్కితే పుంజు ఉబ్బెత్తుగా పైకొస్తుంది. మొదటి బిస్కట్ తీసి చూస్తే పుంజుకి కాలు లేదు.

"స్టీపన్," అని పిలిచింది. ఆ పిలుపులో ఏముందో ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్న మొగుడికి తెలుసు. కొండ మీద కొలిమి వేడికి భయపడనివాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అచ్చు గరుకుగా ఉందన్నావు కదే. గరుకు కాగితం పెట్టి నున్నగా రుద్దా. మంచిపని చేశాననుకున్నా."

"మంచిపనే. మా అమ్మ పుంజుకి కాలు తీసేశావు."

"పైపైనే రుద్దాను, చెక్కడం జోలికే పోలేదు, ఒట్టు."

"పైన రుద్దితే లోపల తక్కువ లోతున్నది పోదూ? కాలు సన్నం, పైపైనే చెక్కి ఉంది. పోయింది. తోక లోతు, ఉండిపోయింది." అంటూనే ఇంకో బిస్కట్ నొక్కింది, ఇంకోటి నొక్కింది. ప్రతిదాని మీదా పుంజు పక్కన సన్నటి గీత ఒకటి లేచి ఉంది. అచ్చు తిప్పి చూసింది. స్టీపన్ గోరో చాకో తగిలి అక్కడ గాటు పడింది. అచ్చులో గాటు, బిస్కట్ మీద గట్టు.

ఆంకా పిండి చేతులతోనే కుర్చీలో కూలబడింది. స్టీపన్ గాభరాపడి, "కొత్తది చెక్కించి పెడతాలే," అన్నాడు. ఆమెకు వినపడలేదు. ఆకురాయి లోహాన్ని తీసేస్తుంది, అంతే. పెట్టడం దానికి చేతకాదు. తన దున్న పొట్ట కింద చుక్కలు గుంటలు కావు, లేచి ఉన్నాయి. నాణెం మీద చుక్క లేవాలంటే అచ్చులో గుంట ఉండాలి. ఉక్కు అచ్చు తుప్పు తిని గుంటలు పడి ఉంటుంది, దాన్ని పోగొట్టాలనే ఎవడో అచ్చు రుద్ది ఉంటాడు, కాలు పోయి ఉంటుంది. ఆ చుక్కలే సాక్ష్యం. తనది అసలుది.

ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. తనది అసలుదైతే అద్దంలా నున్నగా ఉన్నది ఏమిటి? ఎవడో పొట్ట కింద నీటుగా గీకి ఎమ్మెట్‌కి అంటగట్టాడు. పన్నెండేళ్ళుగా సంఘం అబద్ధాన్ని పక్కన పెట్టుకుని నిజాన్ని కొలుస్తోంది. తన మాట నిలబెట్టుకోవాలంటే ఎమ్మెట్ మాట పడగొట్టాలి. చూడటం నేర్పినవాడి కన్ను తప్పని నలుగురిలో చెప్పాలి. ఆమె ఆ పూట ఇంకేమీ వండలేదు.

మర్నాడు పొద్దున్నే మంచులో నడిచి ఎమ్మెట్ ఇంటికి వెళ్ళింది. పళ్ళెంలో రెండు బిస్కట్లు, జేబులో నికెల్, దానితోపాటు కుట్టుసూది. ఆయన ఒంటరివాడు. పొయ్యి ముందు కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"కుంటి పుంజుని తెచ్చావేంటి?"

"మా ఆయన అచ్చు రుద్దాడు. చూడండి," అని స్టీపన్ చేసిన ఘనకార్యం చెప్పింది. ఎమ్మెట్ నవ్వుతూ విన్నాడు. గీత దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. ఇంజను నడిపినవాడు, లోహం సంగతి తెలిసినవాడు. ఆమె ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

ఆయనే లేచి పెట్టె తెచ్చాడు. ఆమె నాణెం మీద సూది మొన మెల్లగా జరిపాడు. చుక్కల దగ్గర తగిలి తగిలి ఆగింది. తన నాణెం మీద జరిపాడు. పొట్ట కింద సూది సన్నటి పల్లంలోకి దిగింది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ దిగింది.

"ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"స్టీపన్‌కి కూడా చెప్పలేదండీ. ముందు మీకే చెప్పాలి కదా."

"నాకు జాలి చూపిద్దామనా?"

"కాదు. నేను ఈ ఏడాది మానేస్తాను. కుర్చీ వచ్చే ఏడు చూసుకోవచ్చు. ఇంకో నాణెం చదువుతాను."

ఎమ్మెట్ మొహం ఎర్రబడింది. "అదే జాలి అంటే. వెళ్ళమ్మాయ్. వెళ్ళి నీ బిస్కట్లు కాల్చుకో."

ఆమె వచ్చేసింది. క్రిస్మస్ పండగంతా అదే ఆలోచన. ఆయన ఏం చేస్తాడో తెలీదు. పెట్టెలోంచి ఆ నాణెం మాయం చేస్తే అడిగేవాడు లేడు. ఆమె మాట ఎవరూ నమ్మరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

జనవరి మొదటి గురువారం మేడ మీద అందరూ చేరారు. ఎమ్మెట్ బల్ల మీద కొట్టి, "కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఆంకా మాటికిచ్ ఇంకోసారి చదువుతుంది," అన్నాడు.

నెల్స్, "ఈసారి రెండు కాళ్ళదా?" అన్నాడు. ఎవరూ నవ్వేలోపే ఎమ్మెట్ పెట్టె తెరిచి, తన నికెల్ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది చదువు."

ఆంకా నాణెం వంక చూడలేదు, ఆయన వంక చూసింది. ముసలాయన కళ్ళు తిప్పుకోలేదు.

"నాణెం చదవమన్నాను. నన్ను చదవమనలేదు."

ఆమె భూతద్దం తీసింది. అక్కర్లేదు గానీ తీసింది. "1937. డెన్వర్ టంకశాల. కొమ్ము పూర్తిగా కనిపిస్తోంది. దున్నకి నాలుగు కాళ్ళుండేవి, ముందు కుడికాలుని ఆకురాయితో తీసేశారు. పొట్ట కింద పల్లముంది, సూదికి తెలుస్తుంది. వెనక కాలు నిండుగా ఉంది, అసలుదైతే అది పాడై ఉండాలి." అక్కడ ఆగింది. ధర చెప్పాలి.

"ధర?" అన్నాడు ఎమ్మెట్.

"ఐదు సెంట్లు."

"అవును," అన్నాడు ఆయన. ఆ ఒక్క మాట అనడానికి ఆయన బల్ల అంచు పట్టుకోవలసి వచ్చింది. "ఇప్పుడు నీది చదువు." ఆమె తనది చదివింది. చుక్కలెందుకు లేచాయో, అచ్చుకేమైందో, పుంజు సంగతి సహా చెప్పింది. సూది చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. నెల్స్ దగ్గరికి వచ్చినప్పుడు అతను రెండుసార్లు గీసి చూసుకుని, "కప్పులు నేను కడుగుతానులే," అన్నాడు. మంగలివాడి నోట క్షమాపణంటే అంతకంటే రాదు. చేతులెత్తమంటే మిగతా చేతులన్నీ లేచాయి. ఆంకా చెయ్యి ఎత్తాలో లేదో తెలీక ఒళ్ళో పెట్టుకుంది.

సంఘం పెట్టెలో ఖాళీ అయిన గుంటలో ఆమె నికెల్ పెడితే బాగుంటుందని ఎవరో అన్నారు. "ప్రదర్శన రోజుకి అరువిస్తాను," అంది ఆంకా. "ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్ళిపోతా. అది నాది." ఎమ్మెట్ ఆ మాటకి తలూపాడు.

ప్రదర్శన శనివారం వచ్చింది. అగ్నిమాపక బండ్లను వీధిలో నిలబెట్టి కింది హాలంతా బల్లలు వేశారు. ఆంకా చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుని కుర్చీలో కూర్చుంది. నెల్స్ పక్కన కూర్చున్నాడు. మూడో కుర్చీలో ఎమ్మెట్ లేడు, పేర్ల కాగితం మీద తన పేరు తానే కొట్టేశాడు. జనం పొగాకు డబ్బాలు, పిండి సంచులు, చనిపోయిన మేనత్తల పర్సులు తెచ్చి కుమ్మరించారు. ఆంకా ఒక్కొక్కటీ చదివి చెప్పింది. సంతోషపడాల్సినవాళ్ళకి తొందరగా, నిరాశపడాల్సినవాళ్ళకి నిదానంగా చెప్పింది. మధ్యాహ్నం దాటాక తలెత్తితే, వరసలో పన్నెండో మనిషి ఎమ్మెట్. చంకలో చెక్కపెట్టె.

నెల్స్ ఆమె చెవిలో, "పిలువు. ముసలాయన్ని అలా నిలబెడతావా?" అన్నాడు.

"వరసలో ఉన్నారుగా," అంది ఆంకా. పిలిస్తే ఆయన జన్మలో మాట్లాడడని ఆమెకు తెలుసు.

ముప్పావుగంటకి ఆయన వంతు వచ్చింది. పెట్టె తెరిచి బల్ల మీద పెట్టాడు. వరసలుగా నికెళ్ళు, ప్రతిదాని కిందా ఆయన చేతిరాతతో చీటీ.

"నూట పన్నెండు. అన్నీ నేను చదివినవే. మళ్ళీ చదవాలి."

"వేటిమీద అనుమానమండీ?"

"వాటిమీద కాదు. నా కంటిమీద."

ఆంకా మొదటి చీటీని తిప్పి బోర్లా పెట్టింది, ఆయన రాసింది తనకు కనపడకుండా. నాణేన్ని అంచు పట్టుకుని వెలుతురులోకి ఎత్తింది. పాల కిటికీ దగ్గరలాగా కాకుండా, ఎంతసేపు చూడాలో అంతసేపూ చూసింది. రెండోది తీసింది. వరస వెనక్కి గుమ్మం దాటి మంచులోకి పెరిగింది. ఎవరో కాళ్ళు కొట్టుకుంటూ, ఇంకెంతసేపని గట్టిగానే గొణిగారు.

ఎమ్మెట్ వెనక్కి తిరిగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఊరుకోండయ్యా. ఆవిడ చదువుతున్నారు."